కీళ్ళవాతము – దిగులు



"ఇంట్లో గొడవ జరిగిన వారంలోనే నా వేళ్ళు మళ్ళీ వాచిపోయాయండి" అని కీళ్ళవాతం ఉన్న అమ్మలు చెబుతుంటారు. కొందరు ఆ మాటను సాకుగా కొట్టిపారేస్తారు. మరికొందరు "అంతా నీ దిగులు వల్లనే, నీకు విశ్వాసం చాలదు" అని నింద ఆమె మీదే వేస్తారు. రెండూ తప్పే.

మన రోగనిరోధక శక్తి ఇంటి కావలివాని వంటిది. రుమటాయిడ్ కీళ్ళవాతంలో ఆ కావలివాడు పొరబడి ఇంటివారినే, అనగా కీళ్ళ లోపలి పొరనే కొడతాడు. ముసలితనంలో మోకాళ్ళు అరిగే నొప్పి వేరు, ఇది వేరు. రెండు చేతుల వేళ్ళు, మణికట్లు వాచి, తెల్లవారి లేవగానే చాలాసేపు బిగుసుకొనిపోతాయి.

మనకు భయం, దిగులు కలిగినప్పుడు మెదడు కబురు పంపగా, మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అనే హార్మోనును వదులుతాయి. అది వాపుకు కళ్ళెం. అయితే అప్పులు, కలహాలు నెలల తరబడి వేధిస్తే, రోగనిరోధక కణాలు ఆ కళ్ళేనికి సరిగా లొంగవు. పైగా ఈ జబ్బు ఉన్న చాలామందిలో వాపుకు తగినంత కార్టిసోల్ పెరగదు. కాబట్టి నొప్పి హెచ్చుతుంది, నిద్ర పోతుంది, దిగులు ఇంకా పెరుగుతుంది. అంతమాత్రాన జబ్బుకు దిగులొక్కటే కారణం కాదు. వంశపారంపర్యం, పొగత్రాగడం కూడా ఉన్నాయి. చుట్ట కాల్చే అమ్మలు గమనించాలి.

1948లో అమెరికాలో డాక్టర్ ఫిలిప్ హెంచ్, కార్టిసోల్ జాతికి చెందిన కార్టిసోన్‌ను మంచం పట్టిన రోగికి ఇవ్వగా, ఆమె కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు, మరి ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ బిళ్ళలు ఈ జాతివే. వెంటనే హాయినిస్తాయి గాని, ఏళ్ళ తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయి, షుగరు వస్తుంది, సొంత గ్రంథులు పని మానుకుంటాయి. అప్పుడు బిళ్ళలు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి.

ఈనాడు ఈ జబ్బుకు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో తన బృందంతో చేసిన పరిశోధనల ఫలమది. దీనిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. గర్భిణులు వాడకూడదు.

కాబట్టి వేళ్ళు వంకరపోకముందే నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో చూపించండి. అవసరమైతే విశాఖపట్నం వెళ్ళండి. ఇంట్లోవారు ఉదయపు నీళ్ళ బిందెలు, అంట్లు తాము అందుకోవాలి. ఆమె మాట ఓపికగా వినాలి, రాత్రి నిద్రపోనివ్వాలి. మందుతోపాటు ఇదీ వైద్యమే.