చెయ్యి ఎందుకు వెనక్కి పోతుంది?

కులం రక్తంలో ఉంటుందన్నారు పాతకాలం పండితులు. మెదడులో ఉంటుందంటున్నారు కొత్త పండితులు. తనవాణ్ణి నమ్మడం, పరాయివాణ్ణి చూసి జంకడం ప్రకృతి మన మెదడు లోతుల్లో రాసిపెట్టిందనీ, చట్టాలూ బోధలూ దాన్ని చెరపలేవనీ వీరి వాదం. మనువును దించి ఆ పీఠం మీద అమిగ్డలాను కూర్చోబెట్టడమే ఇది. దీన్ని మేము ఒప్పుకోం. వారు సాక్ష్యానికి పిలిచిన శాస్త్రమే వారికి ఎదురు సాక్ష్యం చెబుతోంది.

1911లో క్లాపరేడ్ అనే స్విస్ వైద్యుడు ఒక చిన్న ప్రయోగం గురించి రాశాడు. ఆయన దగ్గరున్న రోగికి కొత్త సంగతులేవీ గుర్తుండవు. రోజూ చూసే వైద్యుణ్ణే ఆమె గుర్తుపట్టదు. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమెతో చేయి కలిపాడు. తర్వాత మళ్లీ చేయి చాస్తే ఆమె తన చేతిని వెనక్కి లాక్కుంది. ఎందుకంటే సరిగా చెప్పలేకపోయింది. కథ మరిచిపోయింది, భయం మిగిలింది.

కణతల లోపలివైపు, మెదడు లోతున, బాదంగింజ ఆకారంలో ఉండేది అమిగ్డలా. ఏది చూసి బెదరాలో నేర్చుకోవడంలో దానిది పెద్ద పాత్ర. దాని పక్కనే ఉన్న హిప్పోకాంపస్ ఏం జరిగింది, ఎక్కడ జరిగింది అన్నది దాచుకోవడానికి తోడ్పడుతుంది. రెండూ నేర్చుకునే అవయవాలే. పుట్టుకతో కులం పేర్లు తెచ్చుకున్న అమిగ్డలా ఏదీ లేదు.

ఇప్పుడు అంటరానితనం పాటించే చేతిని చూడండి. దాన్ని ఏ సూదీ గుచ్చలేదు. గడప బయట నిలబడ్డ మనిషికి నానమ్మ ఎత్తునుంచి నీళ్లు పోయడం పసివాడు చూశాడు. ఆమె ముఖంలో చీదర చూశాడు. ఎదుటివారి భయాన్ని చూసి కూడా మనిషి భయపడడం నేర్చుకుంటాడు. మూడేళ్లలోపు సంగతులు పెద్దయ్యాక గుర్తుండవు. అందుకే పాఠం మిగిలింది, పాఠం చెప్పినవారు గుర్తులేరు. దానికే సంస్కారమనీ, వంశగుణమనీ పేర్లు పెట్టుకున్నారు.

ఉపన్యాసాలతో ఇది పోదు. 1953లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు శస్త్రచికిత్స చేసి, రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం బ్రెండా మిల్నర్ ఆయనకు నేర్పింది. రోజురోజుకూ చేయి కుదురుకుంది, కానీ నిన్న గీసిన సంగతే ఆయనకు గుర్తులేదు. చేతి అలవాటుకు మెదడులో వేరే దారి ఉందన్నమాట. వేదిక మీద రాజ్యాంగ పీఠిక చదివిన పెద్దమనిషి ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టడం ఈ దారినే.

ఈ సంగతి సంఘానికి ముందే తెలుసు. శాక్య కుమారులు ప్రవ్రజ్యకు వచ్చినప్పుడు మంగలి ఉపాలికే ముందు దీక్ష ఇచ్చారని వినయపిటకం చెబుతుంది. తమకంటే పెద్దవాడైన ఉపాలికి మొక్కి తమ శాక్యగర్వం అణగాలని ఆ కుమారులే కోరారు. వంగవలసింది నడుము. అది రోజూ వంగాలి.

రోజూ అని ఎందుకంటున్నామంటే, పాత భయం చెరిగిపోదు. దాని మీద కొత్త పాఠం పేరుకుంటుంది, అంతే. పాత చోటికి వెళ్తే పాత భయం తిరిగి లేస్తుంది. హైదరాబాదు హాస్టల్లో ఒకే కంచంలో తిన్నవాడు పండక్కి ఊరెళ్లి మిత్రుణ్ణి అరుగు మీదే కూర్చోబెట్టడం మనం చూడనిది కాదు. కాబట్టి కొత్త పాఠం ఊళ్లోనే, వంటింట్లోనే, బావి దగ్గరే జరగాలి.

ధ్యానం అమిగ్డలాను చల్లబరుస్తుందని చెప్పి శిబిరాలు అమ్మేవారికీ ఒక మాట. వేదనను గమనించమన్నాడు తథాగతుడు. మంచిదే. కానీ సూది పట్టుకున్న చేతిని వదిలేసి, గుచ్చించుకున్నవాణ్ణి ప్రశాంతంగా ఊపిరి పీల్చమనడం ధమ్మం కాదు. కులం మనసులోని భావన అని 1936లోనే బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. అంతటితో ఆగక 17వ అధికరణంతో అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగానికీ, 1956లో నాగపూర్ దీక్షకూ నడిపించారు. మనసు మారాలంటే మనుషులు బతికే తీరు మారాలి.

నేర్చుకున్నదాన్ని ప్రకృతి అనకండి. మీ పిల్లలు ఈ రోజు మీ ముఖాలు చూస్తున్నారు.