వ్రేలికొన చెప్పని మాట

కామారెడ్డిలోను ఎల్లారెడ్డిలోను నేడొక విశ్వాసము బలముగా నాటుకొనియున్నది: వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు 97 చూపినచో రోగి ఊపిరికి భయము లేదని. 2020, 2021 సంవత్సరముల కరోనాకాలమున ఇంటింటికి చేరిన ఆ పరికరము ఎందరికో మేలొనర్చినమాట నిజమే. కాని కండరములను నడుపు నరకణములు క్షీణించు మోటార్ న్యూరాన్ వ్యాధిగ్రస్తుని విషయమున దానిని సాక్షిగా నిలుపుట ప్రాణాంతకమైన పొరపాటనియు, "ఊపిరి ఉన్నట్టుండి ఆగినది, ఎవరేమి చేయగలరు" అను నిస్సహాయవాక్యము ఆ పొరపాటునుండియే పుట్టుచున్నదనియు నా వాదము.

కరోనాలో చెడునది ఊపిరితిత్తి. మోటార్ న్యూరాన్ వ్యాధిలో చెడునది దానిని ఆడించు కండరముల బలము, ముఖ్యముగా డయాఫ్రమ్ బలము. కొలిమితిత్తి చిరుగకున్నను లాగెడి చేయి సన్నగిల్లినచో నిప్పు రాజుకొనునా? ఇట్టివారి రక్తమున, తొలుత నిద్రవేళ, బొగ్గుపులుసు వాయువు పేరుకొనును. ఆక్సీమీటరు దానిని కొలువనే కొలువదు. పగటివేళ అంకె తగ్గునప్పటికి తరచుగా కాలము మించియుండును. ఆయాసమనగానే సిలిండరు తెచ్చి వట్టి ఆక్సిజన్ పెట్టుటయు ఇట్టివారికి కీడే కావచ్చును, ఆ వాయువు మరింత పెరుగును గనుక.

ఊదించి కొలుచు పరీక్షలో ఊపిరి సామర్థ్యము 50 శాతమునకు దిగువరకు చికిత్సకై వేచియుండుటయు నాకు సమ్మతము కాదు. పెదవులు బిగింపలేనివానికి ఆ కొలత తప్పును. కూర్చుండినపుడు దాగిన బలహీనత పరుండినపుడు బయటపడును.

అసలు సాక్షి ప్రక్కమంచముమీద నున్నది. వెల్లకిల పరుండలేక మెత్తమీద మెత్త వేయించుకొనుట, రాత్రి పలుమారులు ఉలికిపడి లేచుట, తెల్లవారగానే తలనొప్పి, పగలంతయు కునికిపాటు, దగ్గు బలము తగ్గుట: వీనిని భార్యయో కోడలో ముందుగనే చూచుచుండును. "రాత్రిపూట ఎట్ల పంటున్నడమ్మా?" అని ఆమె నడుగుటకు ఏ యంత్రము కావలయును?

నయముచేయు మందులేని వ్యాధికి ముందెరిగి లాభమేమందురా? మాస్కుద్వారా గాలినందించు యంత్రమును ఇంగ్లండులోని న్యూకాజిల్ వైద్యులు పరీక్షించి 2006లో ప్రకటించిన ఫలితములలో, గొంతుకండరములు మరీ చెడనివారికి మధ్యస్థముగా 205 దినముల ఆయువు పెరిగినది. తక్కినవారికి ఆయువు పెరుగకున్నను కొంత ఉపశమనము కలిగినది. ఎల్లారెడ్డినుండి కామారెడ్డికి, అటనుండి నూరు కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదునకు అర్ధరాత్రి అంబులెన్సులో పరుగిడుటకంటె, రోగి తన యిష్టానిష్టములను తన నోటనే చెప్పగల దినములలో పోవుట మేలు కాదా?

మాట స్పష్టముగా నున్నవానిని నెలకొకమారు కూర్చుండబెట్టి, నిండుగా గాలి పీల్పించి, ఒక్క దమ్ములో ఎంతవరకు ఎంచగలడో గోడమీది క్యాలెండరుపై వ్రాయుడు. క్రిందటినెల 30 వరకు ఎంచినవాడు ఈనెల 20కే ఆగినచో, ఆక్సీమీటరు 97 చూపుచున్నను, ఆ వారముననే బయలుదేరుడు.