గెలిచిన పిల్లాణ్ణి అనుమానించాను

మొన్న చదరంగం పోటీల్లో మా అమ్మాయి తనకంటే చిన్నవాడి చేతిలో ఓడిపోయింది. "రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లాడు, చూశావా? ఫోనేమైనా దాచాడేమో!" అన్నాను ఆటోలో. "లేదమ్మా, నా ఏనుగు పోతుందని నేనే చూసుకోలేదు. వాడు బాగా ఆడాడు" అంది. నాకు సిగ్గేసింది.

నా అనుమానం ఊరికే పుట్టలేదు. 2006లో మన దేశంలోనే ఒక ఆటగాడు టోపీలో బ్లూటూత్ పెట్టుకుని పట్టుబడ్డాడు. పదేళ్లు నిషేధించారు. 2015లో దుబాయ్ ఓపెన్‌లో జార్జియా గ్రాండ్‌మాస్టర్ గయోజ్ నిగాలిద్జే మాటిమాటికీ ఒకే టాయిలెట్‌లోకి వెళ్తుంటే ఎదుటి ఆటగాడు ఫిర్యాదు చేశాడు. వెతికితే కాగితంలో చుట్టిన ఫోను, అందులో అప్పుడు నడుస్తున్న ఆటే! 2019లో ఫ్రాన్స్‌లో ఇగోర్స్ రౌసిస్ కూడా టాయిలెట్లో ఫోనుతో దొరికాడు. ఇద్దరికీ గ్రాండ్‌మాస్టర్ బిరుదు పోయింది.

వాళ్లకి శిక్ష పడింది, బాగానే ఉంది. మరి నిజాయితీగా ఆడేవాళ్ల మాటేమిటి? లోపలికి వెళ్లేటప్పుడు సోదాలు, బాగా ఆడితే గుసగుసలు! దొంగలు దోచుకున్నది బహుమతి ఒక్కటే కాదు, మంచి ఆటగాడికి దక్కాల్సిన మెప్పు కూడా.

సోదాలు ఉండాల్సిందే, కాదనను. అది నిర్వాహకుల పని. రుజువు లేకుండా పసివాడి మీద నింద వేయడం మాత్రం తల్లుల పని కాదు. పిల్లల ఓటమికి మనమే సాకు వెతికిపెడితే, రేపు గెలుపుకి దొడ్డిదారి వాళ్లే వెతుక్కుంటారు. ఏమంటారు?