ఏడింటిలో ఒకటి

ఛందోవ్యాకరణాల నడుమ వైద్యుల పరీక్ష ప్రసక్తి ఏమిటని ఆశ్చర్యపడకండి. కారణమున్నది.

మా తమ్ముని కుమార్తె ఇంగ్లండులో వైద్యురాలు. అక్కడి ఎమ్మార్సీపీ పట్టానికి చివరి మెట్టయిన ‘పేసెస్’ అనే ప్రత్యక్ష పరీక్షలో ఈసారి తప్పింది. “రోగమేదో సరిగ్గానే చెప్పాను పెదనాన్నా! పొట్ట నొక్కేముందు నొప్పి ఉందా అని అడగలేదు. ఆయన ముఖం చిట్లించినా చూసుకోలేదు. ఆ ఒక్క అంశంలోనే పోయింది” అన్నది. మొత్తం మార్కులు వచ్చినా ఒక్కదానికి తప్పించడం న్యాయమా అని మా తమ్ముని ప్రశ్న. నాకూ మొదట అట్లే తోచింది. వివరాలు తెలుసుకొన్న పిమ్మట అభిప్రాయం మార్చుకొన్నాను.

పూర్వం అభ్యర్థి ఒక రోగితో గంటసేపు ఏకాంతంగా గడిపి, తరువాత పరీక్షకులకు విన్నవించేవాడు. రోగితో ఎట్లా మెలగినాడో చూసినవారు లేరు. 2001లో వచ్చిన పేసెస్ ఈ లోపాన్ని దిద్దింది. అయిదు స్థానాలు, ఒక్కొక్కచోట ఇరవై నిమిషాలు, ఇద్దరేసి పరీక్షకులు, వెరసి పదిమంది. వారు ముందుగా తామే రోగిని పరీక్షించి, అభ్యర్థి ఏమేమి కనుగొనాలో నిశ్చయించుకొంటారు. మార్కులు మాత్రం ఒకరితోనొకరు సంప్రదించకుండా వేస్తారు. నేడు వారు తూచేవి ఏడు నైపుణ్యాలు: శరీర పరీక్ష, రోగచిహ్నాల గుర్తింపు, సంభాషణ, ఏయే రోగాలు కావచ్చునో ఊహించడం, చికిత్సా వివేచన, రోగి ఆందోళనను గమనించి తీర్చడం, రోగి క్షేమం. మొత్తం మార్కులతోపాటు ఏడింటిలోనూ విడివిడిగా కనీసార్హత రావాలి. ఒకదానిలోని ఆధిక్యం మరొకదాని కొరతను పూడ్చదు. 2023లో స్థానాల అమరిక మారినా ఈ సూత్రం మారలేదు.

ఇది వింటుంటే నా బడి రోజులు గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను. పద్యపఠనానికి నేనొక్కడినే పరీక్షకుణ్ణి. మంచి గొంతున్న పిల్లవానికి పద్యం సగమే వచ్చినా మార్కులు వేశాను. నత్తి ఉన్న పిల్లవాడు తప్పులేకుండా చదివినా తగ్గించాను. ఏమి తూచాలో ముందే వ్రాసిపెట్టుకొని ఉంటే, నా పక్కన మరొకరు కూర్చొని ఉంటే, ఆ అన్యాయం జరిగేది కాదేమో.

మార్కుల కోసం వల్లించే దయ దయేనా అని కొందరడుగుతారు. సబబైన ప్రశ్నే. కాని మనం పద్యం నేర్చినదెట్లా? తొలుత వ్రేళ్లమీద గణాలు లెక్కించాం. యతి కోసం తడుముకొన్నాం. కొన్నాళ్లకు లెక్క మరుగై నడక మిగిలింది. “నొప్పిగా ఉందా?” అన్న మాటా అంతే. మొదట అలవాటు, పిదప స్వభావం. స్వభావమైనదీ లేనిదీ ఏ పరీక్షా తేల్చలేదు. అలవాటైనా చేయించడం దాని ధర్మం.

అమ్మాయి మళ్లీ పరీక్షకు కూర్చొంటున్నది. తమ్మునితో నేనన్నది ఒక్కటే: “ఆ మంచం మీద పడుకొన్నది నీవైతే, ఏడింటిలో దేన్ని వదులుకొంటావురా?” జవాబు రాలేదు.

మీరేమంటారు?