మన యాప్ నెత్తిన ఎవరి రంగు?



రెండు సమావేశాలు అయిపోయాయి. పిల్లల స్కాలర్‌షిప్ ఫారం మాట ఎవరూ ఎత్తలేదు. తగవంతా ఒక్కదాని మీదే: మన వెబ్ యాప్ తెరిస్తే ఫోన్‌లో పైన అడ్రసు కనబడే పట్టీకి ఏ రంగు వేయాలి? ఒకరు గులాబీ అంటారు, ఒకరు పసుపు, ఇంకొకరు కాషాయం. చంద్రపూర్‌లో ఉంటూ హైదరాబాద్, అమరావతి జెండాలు మోయడం మనకే చెల్లింది!

ఇంతకీ అదేమిటి? పేజీ తలభాగంలో థీమ్ కలర్ అని రాసే ఒక్క మెటా ట్యాగ్. మేనిఫెస్ట్ ఫైల్‌లో ఇంకో వరుస. 2014లో ఆండ్రాయిడ్ క్రోమ్‌లోకి వచ్చింది, 2021లో సఫారీ 15 తీసుకుంది. కొన్ని బ్రౌజర్లు దాన్ని పట్టించుకోనే పట్టించుకోవు. అంటే మనం కొట్టుకుంటున్న రంగు సగం మందికి కనబడకపోయినా ఆశ్చర్యం లేదు.

అలాగని "రంగుదేముంది, ఏదో ఒకటి వేసేయండి" అనేవాళ్లతోనూ మేము ఏకీభవించం. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు వేస్తే తీసేయమని హైకోర్టు చెప్పింది. 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా నిలవలేదు. ఆఫీసు అందరిదీ అయినప్పుడు గోడ ఒకరిది ఎట్లా అవుతుంది? మన యాప్ కూడా అంతే. గని కార్మికుడి భార్య కొడుకు ఫీజు కోసం తెరిచినప్పుడు, ఏదో పార్టీ ఆఫీసు గడప తొక్కినట్టు ఆమెకు అనిపించకూడదు.

మేము అడిగేది బొగ్గు రంగు. మనలో చాలామంది తాతతండ్రులు ఆ గనుల కోసమే ఈ ఊరు వచ్చారు, ఆ రంగు మీద ఏ పార్టీకీ హక్కు లేదు. పైగా ముదురు రంగు మీద తెల్లక్షరాలు స్పష్టంగా ఉంటాయి. పసుపు మీద తెల్లక్షరాలు పెట్టి మే నెల ఎండలో గాంధీ చౌక్‌లో నిలబడి చదవండి, అప్పుడు మాట్లాడదాం.

ఇంకొకటి: రంగు చూసి ఏ లింకునూ నమ్మకండి. ఆ వరుస ఎవరైనా రాయొచ్చు. అడ్రసు చూసుకోండి. ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు కొత్త రంగు వెంటనే రాకపోవచ్చు, దానికోసం ఎవరినీ తిట్టకండి.

రంగు పని అయిదు నిమిషాలు. మూడో సమావేశం ఫారం మీద పెట్టండి. అది ఇప్పటికీ ఇంగ్లీషులోనే ఉంది. తెలుగులో, మరాఠీలో కావాలని మేము రాతపూర్వకంగా ఇస్తున్నాం.