ఒక్క ల్యాప్ చూసి ఫైసలా చెప్పే ఖాజీలు



ఫిబ్రవరి వస్తే చాలు, మన పత్తికొండ చాయ్ హోటళ్లలో కూడా ఖాజీలు పుట్టుకొస్తారు. చేతిలో ఫోను, ఫోనులో ఫార్ములా వన్ టెస్టింగ్ పట్టిక. "భాయ్, ఈసారి టైటిల్ వీళ్లదే, లిఖ్ లో!" అంటారు. ఇంకా ఒక్క రేసూ జరగలేదు, ఫైసలా మాత్రం అయిపోయింది. ఇది కబుర్ల దగ్గరే ఆగితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. ఆ పట్టికను నమ్మి మన నౌజవాన్లు పందేలు కాస్తున్నారు. అమ్మీ చీటీ కోసం దాచిన పైసలు కూడా అందులోకి పోతున్నాయి. పట్టికలో పై పేరు చూసి "దూసుకుపోతున్న ఫలానా టీమ్" అని హెడ్డింగు పెట్టే మా అఖ్బారీ బిరాదరీకి కూడా ఈ గునాహ్‌లో హిస్సా ఉంది.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే సేఠ్ ఏం చేస్తాడు? పైన పిడికెడు తెల్లగా ఉందని లాట్ మొత్తానికి ధర కడతాడా? కుప్ప లోపలికి చెయ్యి పెట్టి తీస్తాడు, పింజ లాగి పొడవు చూస్తాడు, తేమ చూస్తాడు. మన టమాటా మండీలో కూడా పై వరుస ఎర్రగా ఉందని బాక్సు కొనేవాణ్ణి చూసి నవ్వుతారు. రేసు కారు దగ్గరికొచ్చేసరికి ఆ అఖల్ అంతా ఎక్కడికి పోతోంది?

టెస్టింగ్ అంటే ఇమ్తెహాన్ కాదు, రియాజ్. ఏ టీమ్ ఎంత పెట్రోలు పోసుకుని తిరుగుతోందో బయటివాళ్లకు తెలియదు. బార్సిలోనా లాంటి ట్రాక్ మీద 10 కిలోల ఇంధనం ఎక్కువైతే ల్యాప్‌కు సుమారు 0.3 సెకండ్లు పోతాయి. అంటే 60 కిలోల తేడాతో తిరుగుతున్న రెండు కార్ల మధ్య దాదాపు రెండు సెకండ్ల ఫరఖ్ వస్తుంది. కార్లు సమానమైనవే అయినా సరే! దాని మీద టైర్ మెత్తదా గట్టిదా, ఇంజిన్ పూర్తి తాఖత్‌తో ఉందా, ట్రాక్ పొద్దున చల్లగా ఉందా మధ్యాహ్నం కాలిపోతోందా అన్నవి కూడా కలుస్తాయి. ఇవేవీ తెలియకుండా వెయ్యో వంతు సెకండు మీద బహస్ పెట్టుకోవడం జహాలత్ కాక ఇంకేమిటి?

మిసాల్ కావాలా? 2019 బార్సిలోనా టెస్టింగ్‌లో ఫెరారీ వెట్టెల్ 1:16.221, మెర్సిడెస్ హామిల్టన్ 1:16.224. తేడా 0.003 సెకండ్లు. సారీ దునియా ఫెరారీదే సాల్ అంది. మార్చి 17న మెల్‌బోర్న్‌లో మెర్సిడెస్ బొటాస్ గెలిచాడు. వెట్టెల్ దాదాపు 57 సెకండ్లు వెనక నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ సీజన్ మొదటి ఎనిమిది రేసులూ మెర్సిడెస్‌వే.

మన హైదరాబాదు కథ ఇంకా దగ్గరిది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, యాద్ ఉందిగా? దానికి ముందు 2022 డిసెంబరులో స్పెయిన్‌లోని వాలెన్సియాలో టెస్టింగ్ జరిగితే అందరికంటే వేగంగా తిరిగింది మసెరాటి కారు, నడిపింది గుంటర్. మరి హైదరాబాదు దాకా జరిగిన నాలుగు రేసుల్లో మసెరాటికి ఒక్క పోడియం కూడా దక్కలేదు. హైదరాబాదులో గెలిచింది డీఎస్ పెన్స్కే వెర్న్. ఆ ఏడాది ఛాంపియన్ ఆండ్రెట్టి డ్రైవర్ జేక్ డెనిస్. వజా సాఫ్‌గా ఉంది. ఆ కార్లు ఒక్క ల్యాప్ కోసం 350 కిలోవాట్ల వరకు వాడొచ్చు, రేసులో మామూలుగా 300. రేసంతా బ్యాటరీని పొదుపుగా వాడుకునే హునర్ ఒక్క ల్యాప్‌లో కనిపించదు.

"మరి టెస్టింగ్ అంతా ఝూటేనా చాచా?" అని అడుగుతారు. కాదు బేటా. 2008 డిసెంబరులో హోండా వెళ్లిపోతే అదే టీమ్ బ్రాన్ పేరుతో 2009 మార్చిలో టెస్టింగ్‌కొచ్చింది. వచ్చీ రాగానే అదరగొట్టింది. స్పాన్సర్ల కోసం తేలికపాటి కారు తిప్పుతున్నారని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ ఏడాది బటన్ మొదటి ఏడు రేసుల్లో ఆరు గెలిచాడు, డ్రైవర్ టైటిలూ టీమ్ టైటిలూ రెండూ వాళ్లవే. అంటే పట్టికను గుడ్డిగా నమ్మినవాడూ, గుడ్డిగా కొట్టిపారేసినవాడూ ఇద్దరూ గుమాన్ మీదే నడుస్తున్నారు.

అసలు చూడాల్సింది వేరే ఉంది. ఒకే టైర్ మీద వరసగా పది, పదిహేను ల్యాపులు తిరిగినప్పుడు టైమింగ్ ఎంత నిలకడగా ఉంది? టైర్ అరిగేకొద్దీ ఎంత పడిపోయింది? రేసంత దూరం ఒక్క రోజులో ఆగకుండా తిరగగలిగిందా? మొత్తం ఎన్ని ల్యాపులు చేసింది, ఎన్నిసార్లు గ్యారేజీలో మూలిగింది? పోల్చేటప్పుడు అదే పూట, అదే టైర్ మీద తిరిగిన కారుతోనే పోల్చాలి. ఇంత చూసినా దొరికేది అందాజానే, యఖీన్ కాదు. ముందు వరసలో ఎవరు, మధ్యలో ఎవరు అని చెప్పొచ్చు. విజేత పేరు చెప్పేవాడు మాత్రం మీ జేబు మీద కన్నేసినవాడే.

పందెం సంగతి కూడా సాఫ్‌గా చెప్పుకుందాం. జూవా మన దీన్‌లో హరామ్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ పందేలను బంద్ చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా "ఇది లక్ కాదు, నాలెడ్జ్" అంటూ కుర్రాళ్లకు దొంగదారి చూపేవాళ్లున్నారు. ఏ నాలెడ్జ్ భాయ్? కారులో ఎంత పెట్రోలుందో తెలియనివాడి దగ్గరుండేది ఇల్మ్ కాదు, పొగరు.

పిల్లలు రేసులు చూడనీండి, మనమూ పక్కన కూర్చుని చూద్దాం. ఆ ఇంజనీరింగ్‌లో నేర్చుకునే హిసాబ్ చాలా ఉంది. "ఎవరు ఫస్టొచ్చారు?" అని అడగడం ఆపి, "ఎంత బరువుతో, ఏ టైర్ మీద, ఎన్ని ల్యాపులు?" అని అడగడం నేర్పండి. ఆ సవాల్ అలవాటైన పిల్లాణ్ణి యాపువాడు కూడా అంత సులువుగా ముంచలేడు.