ఫిర్యాదుకు ముందు రోజులు

కాశిబుగ్గ దాటి నర్సంపేట రోడ్డు పట్టుకుంటే కాసేపట్లో గొర్రెకుంట వస్తుంది. 2020 మే 21, 22 తేదీల్లో అక్కడి గోనెసంచుల గోదాం దగ్గరి బావిలోంచి తొమ్మిది శవాలు బయటికొచ్చాయి. లాక్‌డౌన్ రోజులు. పశ్చిమ బెంగాల్ నుంచి ఏళ్ల కిందటే వరంగల్ వచ్చి స్థిరపడ్డ ఒక కుటుంబంలో ఆరుగురు, వాళ్లకు తెలిసిన వలస కార్మికులు ముగ్గురు. చనిపోయినవాళ్లలో మూడేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. సామూహిక ఆత్మహత్యేమోనని మొదట అనుకున్నారు. మే 25న పోలీసులు ఒకణ్ని అరెస్టు చేశాక అసలు సంగతి తెలిసింది. తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో పడి ఉన్నవాళ్లను బావిలోకి తోసేశాడు. అదే ఏడాది అక్టోబర్ 28న వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. ఊరు ఈ కేసును తొమ్మిది హత్యల కేసుగానే గుర్తుపెట్టుకుంది. కానీ ఆ తొమ్మిదికీ కారణమైన హత్య ఇంకొకటి ఉంది, అది అంతకు రెండున్నర నెలల ముందే జరిగిపోయింది. దాని గురించి మనం మాట్లాడింది చాలా తక్కువ.

ఆ కుటుంబానికి బంధువైన ఒకామె, భర్తతో విడిపోయి ముగ్గురు పిల్లలతో వరంగల్ వచ్చి, సంచులు కుట్టే పనిలో కుదిరింది. నిందితుడు ఆమె చేతి వంట తింటూ దగ్గరై, తర్వాత ఆమెతో కలిసి ఉండసాగాడు. పోలీసులు బయటపెట్టిన వివరాల ప్రకారం, అతని చూపు మైనరైన ఆమె కూతురి మీద పడింది. తల్లి నిలదీసింది. పోలీసులకు చెప్తానంది. మార్చి మొదట్లో, పెళ్లి విషయం మీవాళ్లతో మాట్లాడదాం రమ్మని ఆమెను రైలెక్కించి, దారిలో మత్తిచ్చి చంపి, నిడదవోలు దగ్గర బయటికి తోసేశాడు. అక్కడి రైల్వే పోలీసులకు దొరికింది గుర్తు తెలియని మహిళ మృతదేహం. వరంగల్‌లో పిల్లలకు మాత్రం అమ్మ చుట్టాలింటికి వెళ్లింది. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. ఆమె ఎక్కడుందని పట్టు విడవకుండా అడిగిన మనిషి ఒక్కతే, ఆ బంధువుల ఇంటి ఇల్లాలు. ఆమె కూడా పోలీసుల దగ్గరికి పోతానంది. మే నెల బావి ఆ మాటకు దొరికిన జవాబు.

ఇద్దరు ఆడవాళ్లు రెండు వేర్వేరు నెలల్లో ఒకే మాట అన్నారు, ఒకే మనిషి చేతిలో చనిపోయారు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే సంగతి ఇది. ఆ మనిషికి పోలీసులంటే భయం లేదనలేం. భయం ఉంది కాబట్టే చంపాడు. అయితే ఫిర్యాదు చేస్తానన్న మనిషిని ఆపేస్తే ఫిర్యాదే ఉండదని, పోలీసులు తమంతట తాము రారని అతనికి గట్టి నమ్మకం ఉంది. స్త్రీలపై హింసలో అత్యంత ప్రమాదకరమైన కాలం, ‘ఇక ఊరుకోను’ అన్న మాటకూ ఆ మాట కాగితం మీద పడడానికీ నడుమ గడిచే రోజులే. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 11 నగరాల్లో జరిగిన హత్యలను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ దిక్కే చూపింది: అదుపులో పెట్టుకోవాలని చూసే మగవాణ్ని వదిలి వెళ్తున్నప్పుడు స్త్రీ ప్రాణానికి ముప్పు బాగా పెరుగుతుంది. ఇది నిజమైతే మన శ్రమా డబ్బూ మొదట పోవలసింది ఆ రోజులను కుదించడానికి. మనం మాత్రం ఇరవై ఏళ్లుగా ఆ తర్వాతి దశ గురించే, అంటే శిక్ష గురించే వాదించుకుంటున్నాం.

భయం పుట్టిస్తే తప్ప ఇవి ఆగవనేవాళ్లకు వరంగల్ చరిత్రే జవాబు చెప్తుంది. 2008 డిసెంబర్ 10న ఇక్కడ ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజులకే నిందితులు ముగ్గురూ మామునూరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసులకు పూలదండలు పడ్డాయి. ఆ నెలాఖరున ఒక అమ్మాయి ఆస్పత్రిలో కన్నుమూసింది. వెంటపడి వేధించడం, యాసిడ్ పోయడం ప్రత్యేక నేరాలుగా చట్టంలోకి ఎక్కింది 2013లో. ఎన్‌కౌంటర్‌తో న్యాయం అయిపోయిందనుకున్నాక, చట్టం కోసం పట్టుబట్టే వేడి ఊళ్లో మిగల్లేదు. 2019 ఫిబ్రవరిలో హన్మకొండలో ఒక విద్యార్థినిని వెంటపడినవాడే నిప్పంటించి చంపాడు. జూన్‌లో అదే హన్మకొండలో తొమ్మిది నెలల పసికందు అత్యాచారానికి బలైంది. రెండు నెలలు తిరగకముందే కోర్టు ఉరిశిక్ష వేసింది, నవంబర్‌లో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. అదే నవంబర్ ఆఖరున శంషాబాద్ దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య. డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల ఎన్‌కౌంటర్, మళ్లీ పూలు. అది కావాలని చంపడమేనని సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఇన్ని ఎన్‌కౌంటర్లు, ఉరిశిక్షలు పేపర్ల మొదటి పేజీల్లో వచ్చాక, ఆరు నెలలు కూడా నిండకుండా గొర్రెకుంట. భయం పనిచేయదని నేను అనడం లేదు. ఎప్పుడో పడే పెద్ద శిక్ష కన్నా, ఈ సాయంత్రమే ఎవరో తలుపు తడతారన్న అనుమానం నేరస్తుణ్ని ఎక్కువ ఆపుతుందని అంటున్నాను. దిశ ఇంటివాళ్లు ఆ రాత్రి స్టేషన్‌కు పోతే తమ పరిధి కాదన్న మాట విన్నారు. అందుకు ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు కూడా. ఆ నాలుగు తుపాకీ చావుల చప్పుడులో ఈ సంగతి మరుగున పడిపోయింది.

గొర్రెకుంట వలసవాళ్ల గొడవ, మనవాళ్లది కాదు అన్న మాట కూడా అప్పుడు ఊళ్లో తిరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తెలంగాణలో 18–49 ఏళ్ల వివాహితల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింసపడ్డారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 29.3. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సమంజసమేనని చెప్పిన స్త్రీలు మన రాష్ట్రంలో నూటికి 80 మందికి పైనే. దేశంలో హింసకు గురైన ఆడవాళ్లలో సాయం కోరినవాళ్లు 14 శాతం. దాదాపు 77 శాతం మంది ఎవరికీ చెప్పనైనా చెప్పలేదు. గొర్రెకుంటలో ఆ ఇద్దరూ నోరు తెరిచిన కొద్దిమందిలో ఉన్నారు. వలస ఆ ఇద్దరి ఒంటరితనాన్ని పెంచి ఉంటుంది. కానీ సర్దుకుపొమ్మనే తల్లిదండ్రులు పక్క వీధిలోనే ఉన్న ఆడపిల్ల కూడా అంతే ఒంటరిది.

ఇంకో అభ్యంతరం బరువైనది. ఫిర్యాదు అంత సులువైతే తప్పుడు కేసులు పెరుగుతాయి కదా? భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పెట్టే 498ఏ సెక్షన్ దుర్వినియోగం గురించి సుప్రీంకోర్టే పలుమార్లు మాట్లాడింది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులోనే గట్టిగా మందలించింది. అలా బాధపడ్డ కుటుంబాలు ఉన్నాయి, వాళ్ల బాధను కొట్టిపారేయకూడదు. అయితే ఫిర్యాదు రాసుకోవడం వేరు, అరెస్టు చేయడం వేరు. అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులోనే కోర్టు కట్టడి పెట్టింది. తీవ్రమైన నేరం గురించి చెప్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని అంతకు ముందే, 2013లో, లలితా కుమారి తీర్పు చెప్పింది. రెండూ ఒకేసారి పాటించవచ్చు. మన స్టేషన్లలో తరచూ జరిగేది ఈ రెండూ కాదు. ‘పెద్దమనుషుల్లో కూర్చొని మాట్లాడుకోండి, వారం చూద్దాం’ అనే మూడోది. నిడదవోలు దగ్గర చనిపోయినామె పెద్దలతో మాట్లాడదామన్న పిలుపును నమ్మే రైలెక్కింది. మొగుడూ పెళ్లాల మధ్య మాటామాటా వచ్చినప్పుడు పంచాయితీ పనికిరావచ్చు. చంపుతాననే మనిషి ఉన్న ఇంట్లో పంచాయితీ అతనికి గడువిస్తుంది.

చట్టం ఈ చోట మనం అనుకున్నంత వెనకబడి లేదు. 2005 గృహహింస చట్టం పెళ్లి కాకుండా భార్యాభర్తల్లా కలిసి ఉంటున్న స్త్రీకీ వర్తిస్తుంది. దాని 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందనో జరగబోతోందనో అనుమానం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ నిలవదు. మైనరు మీద లైంగిక దాడి గురించి తెలిసీ చెప్పకపోవడం పోక్సో కింద నేరమే. పదిమంది లోపు పనిచేసే చోట్ల ఆడవాళ్ల లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం, పనిచోట వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రతి జిల్లాలో ఒక స్థానిక కమిటీ ఉండాలంది. అంటే, ‘ఆమె కనబడటం లేదేం?’ అని అడిగే పని ఇంకొక ఇల్లాలి ఒక్కదాని నెత్తిన పడనక్కర్లేదు. గోదాం యజమాని అడగవచ్చు, అద్దె ఇంటి ఓనరు అడగవచ్చు, అంగన్‌వాడీ టీచరు అడగవచ్చు. అడగడానికి ఎక్కడికి పోవాలో, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలియాలి, అంతే.

కాబట్టి మరో ప్రత్యేక చట్టం కావాలని అడగను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఏరే ఆడకూలీకి, కాశిబుగ్గ నుంచి ధర్మారం దాకా ఉన్న మిల్లుల్లో, గోదాముల్లో సంచులు కుట్టే అక్కలకు తమ జిల్లా రక్షణ అధికారి ఫోన్ నంబరు, స్థానిక కమిటీ సభ్యుల పేర్లు, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు గేటు మీద తెలుగులో, హిందీలో, బెంగాలీలో రాసి కనిపించాలి. మెప్మా మహిళా సంఘాల నెలవారీ సమావేశాల్లో అప్పుల లెక్క ఎట్లా చూస్తారో, ఈ నెల కనబడని మనిషి ఎవరని అట్లాగే చూడాలి. స్టేషన్‌కు వచ్చి ప్రాణభయం ఉందన్న స్త్రీని ఆ పూటే బాధిత స్త్రీలకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రానికి చేర్చారా లేదా అన్నది కమిషనరేట్ ప్రతి నెలా లెక్క చెప్పాలి. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పెరుగుతోంది. ఎక్కువగా ఆడపిల్లలకే పని ఇచ్చే దుస్తుల ఫ్యాక్టరీలు అక్కడికి వస్తున్నాయి. వేల మంది కొత్త ముఖాలు, అద్దె గదులు, ఊరు కాని ఊరు. ఆ గేట్ల మీద ఆ పేర్లు మొదటి షిఫ్టు మొదలవకముందే ఎక్కాలి.